మహమ్మారి రోజుల్లో ఇంట్లోనే ఉంటే ఆ భారం ఎవరి మీద పడుతుంది? తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అయినా టీవీలో కొత్త వైరస్ పేరు ఏదైనా వినపడితే చాలు, తిరుపతిలో మా వీధివాళ్లు, చిత్తూరు వైపు బంధువులు మళ్లీ అవే సందేహాలు అడుగుతారు. 2020, 2021లలో మా వీధిలో సరుకులు, మందులు అందించే పనిలో ఉన్నవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి ఆ ప్రశ్నలు నా దగ్గరికి వస్తుంటాయి. అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఇక్కడ పెట్టాను. నేను డాక్టర్‌ను కాను. మందుల సంగతి మీ డాక్టర్‌నే అడగండి. మనుషుల మధ్య జరిగే లాభనష్టాల గురించి మాత్రం చెప్పగలను.

## తలుపు వేసుకునే ముందు

ఇంట్లో ఉంటే ప్రాణానికి మంచిదే కదా, ఇందులో మళ్లీ లెక్కలెందుకు?

మంచిదే. గాలిలో పాకే జబ్బు వచ్చినప్పుడు జనం కలుసుకోవడం తగ్గితే జబ్బు వేగం తగ్గుతుంది, ఆసుపత్రుల మీద ఒత్తిడి తగ్గుతుంది. తిరుపతిలోని పెద్దాసుపత్రులు రుయాకూ స్విమ్స్‌కూ మన జిల్లా నుంచే కాదు, రాయలసీమ అంతటి నుంచీ రోగులు వస్తారు. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ అందక అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఊరంతా ఒకేసారి జబ్బు పడితే ఏమవుతుందో అప్పుడు చూశాం.

లెక్క ఎందుకంటే, లాభం ఒకరికి వస్తుంది, భారం ఇంకొకరి మీద పడుతుంది. నెల జీతం బ్యాంకులో పడే ఇంట్లో పెద్దాయన క్షేమంగా ఉంటాడు. అదే ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు ఆ నెల డబ్బు రాదు. తాతకు జబ్బు సోకకూడదని మనవడికి ఆట మాన్పిస్తాం. భారం ఎవరి మీద పడుతోందో పేరుతో సహా తెలియాలి. అప్పుడే దాన్ని పంచుకోవడం కుదురుతుంది.

భారం అంటే డబ్బు నష్టమేనా?

డబ్బు ఒకటి. ఆగిపోయిన చదువు, ఒంటరితనం, ఇంట్లో పెరిగే చాకిరీ, కొట్లాటలు, వాయిదా పడ్డ వైద్యం, తెగిపోయిన రాకపోకలు ఇవన్నీ ఉంటాయి. డబ్బు నష్టం పాసు పుస్తకంలో కనపడుతుంది, మిగతావి కనపడవు. అందుకే వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మా ఇంటి మటుకు ఏది మానుకోవాలి, ఏది మానుకోకూడదు? ఎట్లా తేల్చుకోవాలి?

ఒక కాగితం మీద ఇంట్లోవాళ్లందరి పేర్లు రాయండి. మీ ఇంటి మీద ఆధారపడ్డవాళ్ల పేర్లు కూడా రాయండి: పనిమనిషి, ట్యూషన్ టీచరు, ఇస్త్రీ అబ్బాయి. ఒక్కొక్కరి ఎదురుగా రెండే రాయాలి. జబ్బు సోకితే ఈ మనిషికి ఎంత ప్రమాదం? మనం తలుపు వేసుకుంటే ఈ మనిషికి ఏం పోతుంది?

తర్వాత పోయేవాటిని రెండుగా విడదీయండి. ఆర్నెల్లు ఆగినా దొరికేవి ఒక వైపు పెట్టండి: గృహప్రవేశం విందు, షాపింగ్, కాణిపాకం ప్రయాణం. ఆగితే మళ్లీ రానివి ఇంకో వైపు: ఒకటో తరగతి పిల్లవాడి అక్షరాలు, పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి నెలల్లో చేయించాల్సిన ఫిజియోథెరపీ, గర్భిణి చెకప్, ఎనభై దాటిన తల్లితో గడిపే రోజులు.

జబ్బు రోజుల్లో మనుషులను కలిసే అవకాశం, నెలాఖరున చేతిలో మిగిలిన డబ్బులాంటిది. అన్నిటికీ చాలదు. రెండో వైపు ఉన్నవాటికే ఖర్చు పెట్టాలి.

గవర్నమెంటే లాక్‌డౌన్ పెట్టాక మన లెక్కకు విలువేముంది?

2020 మార్చి 25 నుంచి మే 31 వరకు నాలుగు విడతల్లో నడిచిన లాక్‌డౌన్‌లో మన చేతుల్లో ఉన్నది నిజంగానే తక్కువ. జూన్ నుంచి మాత్రం చాలావరకు మన ఇష్టానికే వదిలేశారు. పెళ్లికి పోవాలా, పిల్లను ట్యూషన్‌కు పంపాలా, అవ్వ దగ్గరికి వెళ్లాలా అని ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ప్రతి ఇల్లూ సొంతంగా తేల్చుకోవాల్సి వచ్చింది. నాకు వచ్చే ప్రశ్నలన్నీ ఆ కాలానివే.

మా ఇంట్లో అందరమూ వయసులో ఉన్నవాళ్లమే. మేమెందుకు ఆగాలి?

మీ నుంచి జబ్బు పోయేది మీ ఇంటిదాకానే కాదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఆయన ఇంట్లో ఆస్తమా ఉన్న భార్య, మీరు రోజూ టీ తాగే అంగడి ముసలాయన వరసలో ఉంటారు. లక్షణాలు బయటపడక ముందే ఒకటి రెండు రోజులు కరోనాను అంటించగలమని తెలిసింది కాబట్టి, "బాగానే ఉన్నాం" అనుకున్నా ధైర్యంగా తిరగడానికి లేదు.

అలాగని కుర్రవాళ్లకు పోయేదేమీ లేదని అనను. ఉద్యోగం వెతుక్కునే వయసు, స్నేహాలు కుదిరే వయసు, పెళ్లి మాటలు నడిచే వయసు అది. తల్లిదండ్రులు "ఏం పోతుందిరా నీకు, ఫోన్ ఉంది కదా" అనడం అన్యాయం. పోతున్నదాన్ని ఒప్పుకుని, ఆరుబయట ఇద్దరు ముగ్గురిని కలిసే వీలు కల్పించండి.

రోజు పనికి పోకపోతే మాకు పూట గడవదు. ఇంట్లో ఉండమంటే ఎట్లా?

ఉండలేరు. ఉండలేనందుకు మీది తప్పు కూడా కాదు.

మన ఊరిలో ఈ మాట మరీ నిజం. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా జరిగాయి కానీ కింద తిరుపతిలో పొట్టపోసుకునేవాళ్ల చేతికి రూపాయి రాలేదు. జీపు డ్రైవర్లు, లాడ్జీ కుర్రాళ్లు, పూలమ్మేవాళ్లు, బస్టాండు దగ్గర టిఫిన్ బండ్లు, బొమ్మలూ దారాలూ అమ్మేవాళ్లు, అందరి బతుకూ కొండకు వచ్చే జనం మీదే. మామూలు రోజుల్లో 60, 70 వేల మంది వచ్చే కొండకు జూన్‌లో తలుపులు తెరిచాక మొదట్లో రోజుకు సుమారు 6,000 మందినే అనుమతించారు. దుకాణం తెరుచుకుంది కానీ బేరం లేదు. ప్రభుత్వం ఏప్రిల్‌లో పేద కుటుంబానికి 1,000 రూపాయలు, రేషన్ బియ్యం, కందిపప్పు ఇచ్చింది. కేంద్రం మూడు నెలలు మహిళల జన్‌ధన్ ఖాతాల్లో 500 చొప్పున వేసింది. ఆకలి కొంత ఆగింది. ఇంటి అద్దెకు, వారం వడ్డీకి అది ఏ మూలకూ చాలదు.

పనికి పోక తప్పనివాళ్లు పోండి. మాస్కు ముక్కు మీదకు ఉండాలి, గాలి ఆడే చోట పని చేయాలి, మధ్యాహ్నం అన్నం మాత్రం అందరూ చుట్టూ కూర్చోకుండా విడివిడిగా తినాలి. మాస్కు తీసేది అన్నం దగ్గరే కాబట్టి అంటుకునేదీ అక్కడే. ఇంటికి వచ్చాక ముసలివాళ్లకు కొంచెం ఎడంగా, కిటికీ తెరిచి పడుకోండి. ఇక ఇంట్లో కూర్చోగలిగినవాళ్లకు ఒక మాట: మీరు కూర్చోగలగడానికి వీళ్లు తిరగడమే కారణం. పాలు, కూరగాయలు, గ్యాసు బండ తెచ్చినవాళ్లతో బేరమాడకండి.

పనిమనిషిని రావద్దన్నాం. జీతం ఇవ్వాలా?

ఇవ్వాలి. రావద్దన్నది మీరు. పూర్తిగా ఇవ్వలేకపోతే సగమైనా ఇచ్చి, ఎన్ని నెలలు ఇవ్వగలరో ముందే చెప్పండి. ఎదురుచూసి లేదనిపించుకోవడం కంటే ముందే తెలిస్తే ఆమె ఇంకో దారి చూసుకుంటుంది.

## రోజులు నెలలైనప్పుడు

అమ్మానాన్న ఒంటరిగా ఉన్నారు. చూడటానికి పోవాలా, ఫోన్‌తో సరిపెట్టాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో అమెరికాలోనో ఉంటారు. పెద్దవాళ్లు ఇక్కడ భవానీ నగర్‌లోనో చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో ఇద్దరే, లేదా ఒక్కరే ఉంటారు. జబ్బు వాళ్లకే ఎక్కువ ప్రమాదం, ఒంటరితనమూ వాళ్లకే ఎక్కువ. రెండూ ఒకే మనిషి మీద పడతాయి కాబట్టే ఎటూ తేల్చుకోలేక నలిగిపోతారు.

మా వీధిలో ఒక అవ్వకు కొడుకు రోజూ వీడియో కాల్ చేసేవాడు. ఆమె ఫోన్‌ను చెవికి ఆనించుకునేది. అటువైపు తెర నిండా చెవి, తెల్ల వెంట్రుకలు, కమ్మ. "అమ్మా, ఫోన్ ఎదురుగా పట్టుకో" అని అతను అరిచేవాడు. ఎదురుగా పట్టుకుంటే మాట వినపడదని ఆమె బాధ. చివరికి ఎదురింటి పిల్ల రోజూ సాయంత్రం మాస్కుతో గేటు దగ్గర నిలబడి, పెద్ద శబ్దం వచ్చేలా స్పీకర్ పెట్టి ఫోన్ పట్టుకునేది. కాల్ అయిపోయాక కూడా ఇద్దరూ అక్కడే కాసేపు మాట్లాడుకునేవాళ్లు. ఆ అవ్వ సాయంత్రం తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని కూర్చోవడం మళ్లీ మొదలైంది.

కాబట్టి పోవాలి, పోయే పద్ధతి మార్చుకోవాలి. జ్వరం, దగ్గు ఉంటే వద్దు. లోపలి గదిలోకి వెళ్లకుండా అరుగు మీదో మిద్దె పైనో ఎడంగా కూర్చోండి. అందరూ కలిసి ఒక్కసారి పోయే కంటే ఒక్కరే తరచుగా పోవడం మేలు. ఫోన్ చేసేటప్పుడు రోజూ ఒకే వేళకు చేయండి. "తిన్నావా, మందులేసుకున్నావా" దగ్గర ఆగకండి. ఊరగాయ కొలతలు అడగండి, పాత బంధుత్వాలు అడగండి. వాళ్లు మీకు ఏదో ఒకటి నేర్పేలా ఉండాలి.

స్నానం మానేయడం, అన్నం తగ్గిపోవడం, పగలంతా పడుకుని రాత్రంతా మేలుకోవడం, మాటలు తడబడటం కనపడితే జబ్బు భయం పక్కన పెట్టి వెంటనే వెళ్లండి. పెద్దవాళ్ల సహాయానికి 14567 నంబరు ఉంది.

స్కూళ్లు మూసేశారు, పిల్లాడు ఫోన్‌కు అతుక్కుపోయాడు. చదువు పోయినట్టేనా?

కొంత పోతుంది. మన రాష్ట్రంలో 2020 మార్చిలో మూసిన స్కూళ్లు తొమ్మిది, పదో తరగతులకు నవంబరు 2న మొదలయ్యాయి. రెండో దఫా విజృంభణ తర్వాత 2021 ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు వచ్చాయి. కానీ ఇంట్లో ఒక్కటే ఫోన్, ముగ్గురు పిల్లలు ఉన్నచోట ఆ ఫోన్ ఎవరి చేతికి పోయింది? చాలా ఇళ్లలో మగపిల్లవాడి చేతికి. ఆడపిల్ల వంటింట్లోకి పోయింది. ఇది మన ఇళ్లలో మనమే చేసిన పంపకం, దీన్ని మనమే మార్చగలం.

చిన్న తరగతుల పిల్లలకు నష్టం ఎక్కువ. పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూడటానికి దేశంలో పల్లెల్లో చేసిన అసర్ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి పడిపోయారు. ఆన్‌లైన్ క్లాసు ఉన్నా లేకపోయినా రోజూ అరగంట పిల్లలతో బిగ్గరగా చదివించండి. పేపరు, రేషన్ కార్డు, బస్సు బోర్డు, ఏదైనా పర్వాలేదు. రెండు మూడు ఇళ్లవాళ్లు మాట్లాడుకుని ఆ పిల్లలను మాత్రమే మిద్దె మీద ఆడుకోనివ్వండి. ఆట పోవడం కూడా చదువు పోవడమంత నష్టమే.

"ఇప్పుడైతే జనం తక్కువ, ఖర్చు తక్కువ, పిల్లకు పెళ్లి చేసేయండి" అంటున్నారు. పిల్లకు పదహారు.

చేయకండి. 2006 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. చేసినవాళ్లూ చేయించినవాళ్లూ శిక్షకు గురవుతారు. స్కూలు మూతపడటం, ఇంట్లో ఆదాయం తగ్గడం రెండూ కలిస్తే ముందుగా పిల్ల పెళ్లి మాట లేస్తుంది. మహమ్మారి వల్ల ఈ దశాబ్దంలో ప్రపంచవ్యాప్తంగా అదనంగా కోటి బాల్య వివాహాలు జరిగే ప్రమాదముందని యునిసెఫ్ 2021లో హెచ్చరించింది. పెళ్లి భోజనాలలో మిగిలే డబ్బు కోసం పిల్ల బతుకును పణంగా పెట్టొద్దు. మీ చుట్టాల్లో ఎక్కడైనా ఇలాంటి మాట వినపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పండి.

అందరూ ఇంట్లోనే ఉంటే నాకు క్షణం తీరిక లేదు. ఇది కూడా లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. ఆఫీసు మూతపడ్డ మనిషికి సెలవు, స్కూలు మూతపడ్డ పిల్లకు సెలవు, వంటింటికి మాత్రం డబుల్ డ్యూటీ. పొద్దున టిఫిను రెండు రకాలు, పదకొండుకు టీ, మధ్యాహ్నం వంట, సాయంత్రం పిల్లలకు చిరుతిండి, పనిమనిషి రాదు కాబట్టి అంట్లు. "ఇంట్లో ఉండటం హాయిగా ఉంది" అని ఎవరైనా అంటే, ఆ హాయి ఎవరి రెక్కల కష్టమో చూడండి. ఒక పూట వంట, అంట్లు ఇంకొకరు పూర్తిగా తీసుకోవాలి. సాయం చేస్తాననడం కాదు, ఆ పూట బాధ్యతే వాళ్లది కావాలి.

ఆయన తాగి కొడుతున్నాడు. బయటికి పోకూడదంటున్నారు, నేనేం చేయాలి?

బయటికి రండి. ప్రమాదంలో ఉన్న మనిషి ఇల్లు వదలడానికి ఏ లాక్‌డౌనూ అడ్డం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. ఫోన్ చేసే వీలు లేకపోతే పాలవాడితోనో ఆశా కార్యకర్తతోనో ఒక్క మాట చెప్పినా చాలు. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు అడిగే హక్కు మీకున్నాయి.

ఇరుగుపొరుగుకు: మామూలు రోజుల్లో ఆమె పుట్టింటికి పోయేది, బావి దగ్గరో గుడి దగ్గరో ఎవరికో చెప్పుకునేది. తలుపులు మూశాక ఆ దారులన్నీ పోయాయి. అరుపులు వినపడితే చక్కెర అడిగే నెపంతోనైనా తలుపు తట్టండి. బయట ఎవరో ఉన్నారని తెలిస్తే చేయి ఆగుతుంది.

షుగరు చెకప్, డయాలసిస్, పిల్లల టీకాలు వాయిదా వేయొచ్చా?

మామూలు షుగరు, బీపీ చెకప్ కొన్ని వారాలు ఆగొచ్చు, మందులు మాత్రం ఆపకూడదు. డయాలసిస్, కాన్పు, కీమోథెరపీ, టీబీ మందులు, పిల్లల టీకాలు వాయిదా వేయకూడదు. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, కాలూ చేయీ పట్టు తప్పడం లాంటివి కనపడితే అసలే ఆగకూడదు. అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయండి.

కరోనా భయంతో వెనక్కి పోయిన వైద్యం చిన్నది కాదు. దేశంలో నమోదైన టీబీ కేసులు 2019లో 24 లక్షలు, 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గలేదు, ఆసుపత్రికి రావడమే తగ్గింది. పిల్లలకు డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే మూడు డోసుల డీపీటీ టీకా అందడం 91 శాతం నుంచి 85కు పడిపోయింది. చిత్తూరు వాళ్లకు ఇంకో చిక్కు, పెద్ద వైద్యమంటే చాలామందికి తమిళనాడులోని వేలూరే దిక్కు. 2020 ఏప్రిల్ చివర్లో వేలూరు అధికారులు మన సరిహద్దు రోడ్ల మీద అడ్డంగా గోడలే కట్టించారు. విమర్శలొచ్చాక కూల్చారు. వేలూరులో వైద్యం చేయించుకునేవాళ్లు రిపోర్టులన్నీ ఒక సెట్టు దగ్గర పెట్టుకుని, అవసరమైతే తిరుపతిలో ఏ డాక్టర్ కొనసాగించగలరో ముందే అడిగి ఉంచుకోండి.

గుడికి పోకపోతే మనసు నిలవడం లేదు. ఇదీ నష్టమేనా, చాదస్తమా?

చాదస్తం కాదు. తెల్లవారితే గోవిందరాజస్వామి గుడి చుట్టూ నడిచే మనిషికి అక్కడ దేవుడితో పాటు నలుగురు స్నేహితులు, నడక, పలకరింపు దొరుకుతాయి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టే పిల్లవాడికి ఊరంతా తనదనిపిస్తుంది. 2020 సెప్టెంబరులో శ్రీవారి బ్రహ్మోత్సవాలు మాడవీధుల్లో కాకుండా ఆలయం లోపలే ఏకాంతంగా జరిగాయి. ఆ ఏడాది రంజాన్ నమాజు, ఈస్టరు ప్రార్థన ఇళ్లలోనే సాగాయి. పెద్ద నిర్ణయాలే అట్లా జరిగినప్పుడు మన ఇంటి పూజ తగ్గించుకోవడంలో దోషం లేదు.

గుడి మూతపడ్డా ఆ స్నేహితుల గుంపును పోగొట్టుకోకండి. అదే వేళకు ఫోన్‌లో అందరూ కలిసి విష్ణు సహస్రనామం చదివిన ముసలివాళ్లను నేనెరుగుదును.

పెళ్లికి పిలిచారు. పోకపోతే మాట వస్తుంది.

పత్రిక అందిన రోజే ఫోన్ చేసి రాలేకపోతున్నామని చెప్పండి. చదివింపులు ముందే పంపండి. తర్వాత కొత్త జంటను ఇంటికి భోజనానికి పిలవండి. మాట వచ్చేది రానందుకు కాదు, చివరి నిమిషం దాకా నాన్చినందుకు.

టెన్షన్ ఎక్కువైంది, నిద్ర పట్టడం లేదు. అందరికీ ఇట్లానే ఉంటుందా?

చాలామందికి ఉంటుంది. కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. రాత్రి వాట్సాప్‌లో చావుల లెక్క చూసి పడుకోకండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి దారికి రాకపోతే, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కరలేదు.

## ఇంట్లో ఒకరికి సోకినప్పుడు

మాకు ఉన్నదే ఒక గది. రోగిని ఎక్కడ పెట్టాలి?

కిటికీ పక్కన రోగి, తలుపు పక్కన మిగతావాళ్లు. రెండూ తెరిచే ఉంచండి. అందరూ మాస్కు పెట్టుకోండి. వీలైతే ముసలివాళ్లను, గర్భిణిని పక్కింటికి పంపండి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు ఎప్పుడూ ఇంటి ఇల్లాలే కానక్కరలేదు. తేలికపాటి కరోనాకు 2022 జనవరిలో కేంద్రం చెప్పిన గడువు కనీసం 7 రోజులు, అందులో చివరి 3 రోజులు జ్వరం లేకుండా ఉండాలి. కొత్త జబ్బుకు గడువు వేరుగా ఉండొచ్చు, అప్పటి సూచన చూడండి. ఊపిరి ఆడకపోయినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఆసుపత్రికే.

వీధిలో మమ్మల్ని వెలేసినట్టు చూస్తున్నారు. ఏం చేయాలి?

వీధి మొదట్లో కట్టెలు అడ్డం కట్టి, ఇంటి గోడకు స్టిక్కర్ అంటించిన రోజులు అందరికీ గుర్తే. రోగి కోలుకున్నాక కూడా కొళాయి దగ్గర పక్కకు జరిగిపోయిన మనుషులున్నారు. ఆ చూపు పడిన ఇల్లు తర్వాతిసారి జ్వరం వస్తే దాస్తుంది, పరీక్షకు రాదు. ఆ దాపరికమే వీధికి ప్రమాదం.

మీరైతే నమ్మకమైన ఒక్కరికి ఫోన్ చేసి, ఏం కావాలో స్పష్టంగా చెప్పండి: రెండు పాల ప్యాకెట్లు, కొత్తిమీర, పారాసెటమాల్. పని చెప్తే మనుషులు దగ్గరవుతారు. పొరుగువాళ్లయితే సంచీ గుమ్మం దగ్గర పెట్టి, పది అడుగులు వెనక్కి వచ్చి, తలుపు తెరిచేదాకా నిలబడి పలకరించి పొండి. పెట్టేసి పారిపోతే సాయం అందుతుంది కానీ మనిషి మనసు విరిగిపోతుంది.

చివరి చూపు దక్కలేదు. ఆ బాధ ఎట్లా తీరుతుంది?

ముందుగా, చివరి చూపు పూర్తిగా నిషేధం కాదు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల్లోనే, సిబ్బంది సంచీ ముఖం దగ్గర జిప్ తీసి కుటుంబానికి చూపించొచ్చని, తాకకుండా మంత్రాలు చదవడం, తీర్థం చల్లడం చేయొచ్చని, అస్థికల వల్ల ఏ ప్రమాదమూ లేదని రాశారు. చాలా ఇళ్లకు ఈ మాట తెలియక, అడగాలని కూడా తోచక, దూరం నుంచే దండం పెట్టి వచ్చేశారు. మళ్లీ అలాంటి కాలం వస్తే గట్టిగా అడగండి. ఆ ఒక్క నిమిషం ఇవ్వగలిగీ ఇవ్వకపోతే, కుటుంబం దాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది.

పరామర్శకు ఎవరూ రాకపోవడం ఇంకో గాయం. మనవైపు చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే వండి తెస్తారు. ఆ క్యారియర్ తేవడానికి ఇంటి లోపలికి పోనక్కరలేదు. 20 మందికి మించి రాకూడదన్న రోజుల్లో కూడా పదకొండు రోజులూ వంతులవారీగా క్యారియర్ పంపిన వీధులున్నాయి. అప్పుడు కర్మలు సరిగా జరగలేదని బాధపడేవాళ్లు సంవత్సరీకం నాడు అందరినీ పిలిచి, పోయిన మనిషి గురించి తలా ఒక మాట చెప్పించండి. ఇన్నేళ్లు గడిచాక చేసినా పర్వాలేదు. అట్లా చేసిన ఇళ్లలో ఏడుపు ఆ రోజే మొదటిసారి బయటికి వచ్చింది.

## తలుపులు తెరిచాక

ఏది ముందు తెరవాలి, ఏది చివర?

ఎక్కువ నష్టపోయినవాళ్లవి ముందు. స్కూలు, కూలి పని, పెద్దవాళ్ల దగ్గరికి రాకపోకలు, ఆగిన వైద్యం ముందుండాలి. విందులు, కిక్కిరిసిన హాళ్లు చివరికి. 2020లో మే 4నే మద్యం దుకాణాలు తెరిచారు, స్కూళ్లకు నవంబరు దాకా ఆగాం. ఇంటిస్థాయిలోనైనా ఆ వరస తిరగేయండి. టీకా వస్తే ముందు పెద్దవాళ్లకు వేయించండి. కరోనా టీకాలు 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలై, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు అందాయి.

అన్నీ తెరిచారు, మా నాన్న మాత్రం గడప దాటడం లేదు.

భయం ఒక్కటే కారణం కాకపోవచ్చు. నెలల తరబడి కూర్చుంటే కాళ్లలో బలం పోతుంది, పడిపోతానేమోనని బెరుకు వస్తుంది. స్నేహితుల్లో ఎవరు మిగిలారో, ఎవరు పోయారో తెలుసుకోవడానికీ భయపడతారు. వాదించకండి. మొదటి వారం గేటు దాకా, తర్వాత వీధి చివరి టీ కొట్టు దాకా, మీరూ పక్కన నడవండి. ఆయన పాత స్నేహితుడిని ఇంటికి పిలవండి. చూపు, వినికిడి, మోకాళ్లు ఒకసారి చూపించండి. వినపడకపోవడం వల్ల కూడా మనుషులు మనుషులకు దూరంగా జరుగుతారు.

పిల్ల చదువులో వెనకబడింది. ఇన్నేళ్లయ్యాక పట్టించుకుని లాభముందా?

ఉంది. అప్పుడు ఒకటి, రెండు తరగతుల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. తప్పులు లేకుండా చదవలేకపోతే, భాగహారం రాకపోతే, అది సోమరితనం కాదు, మధ్యలో మెట్లు లేవు. టీచరుతో మాట్లాడి ఏ తరగతి పాఠం దగ్గర ఆగిందో చూడండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి, పై తరగతి పుస్తకం ముందు పెట్టి తిట్టొద్దు.

మళ్లీ వస్తే ఇప్పటి నుంచే ఏం చేసి పెట్టుకోవాలి?

వీధికి ఒక నోట్‌బుక్ చాలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, డయాలసిస్ వాళ్లు, గర్భిణులు, రోజుకూలీ ఇళ్లు, స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలు ఎవరో వాళ్లను అడిగి రాయండి. ఎదురుగా వాళ్లను చూసుకునే పొరుగింటి పేరు రాయండి. ఆరు నెలలకోసారి సరిచూసుకోండి, ఎందుకంటే అద్దె ఇళ్లలో మనుషులు మారుతుంటారు. ఆ పుస్తకం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఒంటరి ఆడవాళ్ల వివరాలు నలుగురి ఫోన్లలో తిరగకూడదు. ఇద్దరి దగ్గర ఉంటే చాలు.

ఇంట్లో నెలకు సరిపడా మందులు, ఆక్సిజన్ చూసుకునే ఆక్సీమీటరు, థర్మామీటరు, పనిమనిషికి రెండు నెలల జీతం పక్కన ఉంచండి. పాత ఫోన్లు అమ్మేయకుండా బాగు చేయించి పెట్టుకోండి. స్కూళ్లు మూతపడితే మొదటి వారంలోనే అవి పిల్లల చేతికి వెళ్లాలి, ఆడపిల్లలున్న ఇళ్లకు ముందు.